రోడ్డు వెడల్పైంది, ఆగే చోటు పోయింది

సంపాదకులు గారికి నమస్కారం.

మన దగ్గర ఏ రోడ్డు పని పూర్తయినా పేపర్లలో, ఫోన్లలో ఒకలాంటి ఫొటోనే వస్తుంది. తెల్లవారుజామునో, రాత్రి పదకొండు దాటాకో తీస్తారు. నల్లగా మెరిసే తారు రోడ్డు, మధ్యలో డివైడర్, దాని మీద వరసగా లైట్ల స్తంభాలు, ఆ స్తంభాలకు చుట్టిన రంగురంగుల బల్బులు. చూడటానికి బాగుంటుంది, కాదనను. కానీ నేను ఆ ఫొటోను పెద్దది చేసి మరీ వెతుకుతాను, ఎక్కడైనా ఒక మనిషి కనిపిస్తాడేమోనని. కనిపించడు. మనుషుల కోసమే వేసిన రోడ్డు మనుషులు లేనప్పుడే అందంగా కనిపిస్తోందంటే, వేసిన తీరులోనే ఏదో పొరపాటు ఉందని నాకు అనిపిస్తుంది. ఆ పొరపాటు ఏమిటో నాకు తెలిసినంతలో రాస్తున్నాను. ఉత్తరం పెద్దదైంది, క్షమించాలి, వీలైతే మొత్తం వేయండి.

నేను నల్లగొండలో పంతొమ్మిదేళ్లుగా మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాను. జాకెట్ ముక్కలు, లైనింగ్ గుడ్డ, ఫాల్స్, లంగాలు, దారాలు, హుక్కులు. షట్టర్ కిరాయిది. షాపు ఉన్న రోడ్డు పేరు రాయను, రాస్తే ఇది ఆ ఒక్క రోడ్డు పంచాయితీ అనుకుంటారు. ఒక మాట మాత్రం ముందే చెప్పాలి, రోడ్డు వెడల్పుకు నేను వ్యతిరేకం కాదు. అంతకుముందు రెండు బస్సులు ఎదురెదురు వస్తే రోడ్డంతా ఆగిపోయేది. అంబులెన్స్ సైరన్ కొట్టుకుంటూ మా షాపు ముందే నిలబడిపోతే, లోపల ఎవరి బిడ్డ ఉందో, ఎవరి తండ్రి ఉన్నాడో అని మాకు ఇక్కడ గుండె దడదడలాడేది. కొలతలకు వచ్చినప్పుడు మెట్లు, ముందున్న రేకులు, ఇంకో నాలుగడుగులు పోతాయన్నారు. సరే అన్నాం. ఆ నాలుగడుగుల కోసం నేను ఈ ఉత్తరం రాయడం లేదు.

మా షాపుకు ఎడమపక్కన ఒక వేపచెట్టు ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు, మేం షట్టర్ తీసుకునే నాటికే దాని మొదలు ఇద్దరు చేతులు చాపితే గానీ అందేది కాదు. పొద్దున దాని కింద చెప్పులు కుట్టే తాత కూర్చునేవాడు. పది దాటాక పూలమ్మే అక్క గంప దించేది. సాయంత్రం నాలుగింటికి మిర్చి బజ్జీల బండి వచ్చేది. ఎండాకాలం వస్తే పక్క కిరాణం వాళ్లు కుండలు పెట్టి, ఎర్రగుడ్డ కప్పి చలివేంద్రం నడిపేవాళ్లు. ఆటో కోసం చూసే కాలేజీ పిల్లలు, దవాఖానకు వచ్చి బస్సు టైముదాకా ఎక్కడ ఉండాలో తెలియని పల్లెటూరి ముసలివాళ్లు, అందరూ దాని కిందే. మొదలు చుట్టూ ఎవరో ఎప్పుడో పరిచిన నాపరాళ్లే కుర్చీలు.

మా వ్యాపారానికి ఆ చెట్టుతో ఇంకో పని కూడా ఉండేది. ఇది మా లైన్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. చీరకు జాకెట్ ముక్క మ్యాచింగ్ ట్యూబులైటు కింద చూస్తే మోసపోతాం. నెమలికంఠం రంగు లైటు కింద ఒకలా ఉంటుంది, బయట ఇంకోలా ఉంటుంది. అందుకే పట్టుచీర తెచ్చిన ప్రతి ఆమె ముక్కను చీర కొంగు మీద వేసుకుని బయటకు వచ్చి వెలుతుర్లో చూసుకుంటుంది. చెట్టు అంచున నిలబడితే ఎండ కళ్లలో కొట్టదు, వెలుతురు మాత్రం సరిపోతుంది. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు చీర పట్టుకుని చూస్తుంటే, దారిన పోయే మూడో ఆమె ఆగి "ఆ రంగు కాదమ్మా, ఒక పాయింటు ముదురుండాలె" అని సలహా చెప్పి, తర్వాత తనకూ ఒక ముక్క తీసుకుని పోయేది. మా గిరాకీలో ఎంతో భాగం అట్లా వచ్చిందే. షాపు కోసం ఇంటి నుంచి బయలుదేరిన గిరాకీ కొంత, దారిలో ఆగిన గిరాకీ కొంత. రెండోది ఎంత ఉండేదో అది పోయాకనే అర్థమైంది.

రోడ్డు పనుల్లో చెట్టు పోయింది. రెండు రోజుల్లో కొట్టేశారు. దాని చోట టైల్స్ పరిచారు. తాత కొన్నాళ్లు మా షట్టర్ పక్కన గొడుగు పెట్టుకుని కూర్చున్నాడు, ఆ ఎండకు తాళలేక మానేశాడు. బజ్జీల బండిని ఫుట్‌పాత్ మీద నిలపొద్దన్నారు, రోడ్డు మీద నిలిపితే ట్రాఫిక్‌కు అడ్డం అన్నారు, మూడు చోట్లు మారి చివరికి అతను ఊరి బయట వెంచర్ల దగ్గరికి వెళ్లిపోయాడు. పూలక్క గంప ఇప్పటికీ తెస్తుంది కానీ నిలబడే అమ్ముతుంది, ఎవరైనా అరిస్తే వెంటనే కదలడానికి వీలుగా.

ఇక డివైడర్. మా ఎదురు వరుసలో ఒక టైలర్ వదిన ఉంది. ఆమె దగ్గర కుట్టడానికి ఇచ్చేవాళ్లు మా దగ్గర లైనింగ్ తీసుకునేవాళ్లు, మా దగ్గర ముక్క తీసుకున్నవాళ్లు ఆమె దగ్గర కుట్టించుకునేవాళ్లు. మా రెండు షాపులు నాలుగు చేతుల ఒకే పని. ఇప్పుడు మధ్యలో నడుమెత్తు డివైడర్, దాని మీద ఇనుప కంచె. తిరిగి రావాలంటే ఒకవైపు చౌరస్తాదాకా పోవాలి, ఇంకోవైపు యూటర్న్‌దాకా పోవాలి. కాలినడకన ఎదురు షాపుకు పోవడానికి పది నిమిషాలు ఎండలో నడవాలి. పోయిన ఎండాకాలంలో ఒక పెద్దమ్మ, అరవై పైనే ఉంటాయి, ఎదురుగా టైలర్ దగ్గర నిలబడి నాకు చెయ్యి ఊపుతోంది. నేను ఫోన్ చేసి "పెద్దమ్మా, ఏం కావాలె?" అంటే "కాటన్ లైనింగ్ రెండు మీటర్లు బిడ్డా, ఆడికి రావాలంటే కాళ్లు రావు" అంది. మా అబ్బాయిని బండి మీద పంపిస్తే వాడు చుట్టూ తిరిగి ఇచ్చి వచ్చాడు. ముప్పై అడుగుల దూరం. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూనే ఉన్నాం.

నేను ఇంజనీరును కాదు. కానీ పంతొమ్మిదేళ్లు ఒకే గడపలో కూర్చుని ఒకే రోడ్డును చూసినదాన్ని. నాకు అర్థమైంది ఒకటే. ఊరు కళకళలాడేది మనుషులు పోతుండటం వల్ల కాదు, ఆగడం వల్ల. పాత రోడ్డు ఇరుకుది, మురికిది, కానీ దాని మీద ఆగడానికి పది చోట్లుండేవి. కొత్త రోడ్డు మీద ఒక్కటి లేదు. అంతా పోవడానికే. బండి మీద నలభై స్పీడులో పోయే మనిషికి నా బోర్డు చదవడానికే టైముండదు, లోపల వేలాడే గుడ్డలు ఎట్లా కనిపిస్తాయి? నడిచేవాళ్లకే షాపు కనిపిస్తుంది. నడిచేవాళ్లు ఆగాలంటే నీడ ఉండాలి, కూర్చునే చోటుండాలి, పక్కన తినేదో తాగేదో ఉండాలి, నాలుగు మొహాలు కనపడాలి. ఇవన్నీ ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి ఉండేవి. చెట్టు పోతే బండి పోయింది, బండి పోతే సాయంత్రం జనం పోయారు, జనం పోతే పక్కన చాయ్ హోటలు రాత్రి తొమ్మిదిన్నరకు బదులు ఏడున్నరకే కట్టేస్తోంది. చాయ్ హోటలు కట్టేస్తే ఆ తర్వాత ట్యూషన్ల నుంచి వచ్చే ఆడపిల్లలు ఆ ముక్క దాటేటప్పుడు పరుగుపరుగున పోతున్నారు. లైట్లు ముందుకంటే ఎక్కువే ఉన్నాయి. చూసే కళ్లే లేవు.

ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. మన ఊరి పాతబస్తీ వైపు గల్లీల్లోకి సాయంత్రం పూట ఒకసారి నడిచి చూడండి. వెలుతురు అంతంతమాత్రమే. అయినా ఆడపిల్ల భయపడదు, ఎందుకంటే అరుగు మీద ఒక అవ్వ కూర్చుని ఉంటుంది, కిటికీలో ఒక ఆమె బియ్యం ఏరుతుంటుంది, ఇస్త్రీ బండి దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటుంటారు. కింద షాపు, మీద ఇల్లు. పొద్దున పాల కోసం ఒకరు, బడి టైముకు ఒకరు, మధ్యాహ్నం మిషన్ చప్పుడు, సాయంత్రం కూరగాయలు, రాత్రి పాన్ డబ్బా. ఏ గంటకూ గల్లీ ఖాళీగా ఉండదు. పైగా ప్రతి యాభై, అరవై అడుగులకు ఒక సందు, ఒక గల్లీ నుంచి ఇంకో గల్లీలోకి దారి. ప్రకాశం బజార్ దగ్గరా అంతే, ఎన్ని వైపుల నుంచి వస్తారో అన్ని వైపులకు పోతారు, పోతూ కొంటారు. ఇరుకును పొగడటం నా ఉద్దేశం కాదు, అక్కడ ఫైరింజన్ దూరదు, అది పెద్ద భయమే. కానీ అక్కడ జనం ఎందుకు నిలబడుతున్నారో చూసి, దాంట్లో మంచిని కొత్త రోడ్డులోకి తెచ్చుకోవచ్చు కదా.

ఫుట్‌పాత్ గురించి కొంచెం చదివాను, మా అమ్మాయి చదివి పెట్టింది. మన దేశంలో రోడ్లకు కొలతలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే కాలినడక వసతుల మీద ఒక మార్గదర్శిక ఇచ్చింది. దాని ప్రకారం ఇళ్లున్న చోట కనీసం 1.8 మీటర్లు, షాపులున్న చోట కనీసం 2.5 మీటర్లు ఏ అడ్డం లేకుండా నడవడానికే వదలాలి. స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, బోర్డు, చెట్టు, బెంచీ వీటన్నిటికీ రోడ్డు వైపు వేరే పట్టీ ఉండాలి. షాపుకు ఆనుకుని, ఆగి చూసేవాళ్ల కోసం, ఇంకో పట్టీ ఉండాలి. అంటే నడిచే చోటు, ఆగే చోటు వేరువేరుగా లెక్కపెట్టారు. ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని కూడా ఉంది, అంటే ఆరంగుళాలు. మన దగ్గర చాలా చోట్ల ఫుట్‌పాత్ అంటే మోరీ మీద పరిచిన బండలే. ఎక్కాలంటే మోకాలెత్తు. ఎక్కాక నాలుగడుగులకు ఒక స్తంభం, పది అడుగులకు ఒక షట్టర్ ర్యాంపు, మళ్లీ దిగడం, మళ్లీ ఎక్కడం. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఒకసారి ఎక్కితే రెండోసారి ఎక్కదు, రోడ్డు మీదే నడుస్తుంది. అప్పుడు బండ్లవాళ్లు "ఫుట్‌పాత్ ఉండగా రోడ్డు మీదేందమ్మా" అని తిడతారు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు చాలా స్పష్టంగా చెప్పింది, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం కింద మనకున్న జీవించే హక్కులో భాగమని. ఆ మాట ఆ పెద్దమ్మకు ఎవరు చేరవేయాలి?

నీడ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే మన నల్లగొండకు అదే ప్రాణం. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు మనకు కొత్త కాదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి వరకు రోడ్డు మీద పిట్ట కనపడదు. చెట్టు ఉన్నప్పుడు నాలుగు గంటలకే జనం మొదలయ్యేవాళ్లు. ఇప్పుడు ఆరు దాటాలి. రోజుకు రెండు గంటల వ్యాపారం, ఎండాకాలమంతా. చెట్లు పెట్టలేదని అనడం లేదు, పెట్టారు, కానీ డివైడర్ మీద పెట్టారు. అక్కడ నీడ పడినా ఎవరి మీద పడుతుంది? రెండు నిమిషాల్లో దాటిపోయే కార్ల మీద. నడిచే మనిషి రోడ్డు అంచున ఉంటాడు, అతని నెత్తి మీద ఏమీ లేదు. పైగా ఆ మొక్కల్లో సగం పూల పొదలు, కొన్ని ఈత జాతి చెట్లు, వాటికి నీడే ఉండదు. వేప, కానుగ, రావి మన నేలకు, మన నీళ్లకు తట్టుకున్న చెట్లు. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019లో వచ్చినప్పుడు బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికే ఖర్చు పెట్టాలని అందులో రాశారు. కాబట్టి మొక్కలకు పైసల్లేవనే మాట ఉండకూడదు. అదే డబ్బుతో చెట్టును రోడ్డు మధ్య నుంచి రోడ్డు అంచుకు, మనిషి నడిచే వైపుకు జరపమని అడుగుతున్నాను. అన్నిటికంటే ముందు పడమటి ఎండ కొట్టే షాపుల వైపు.

మన ఊరి పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. ఈ ప్రాంతాన్ని ఏలిన కుందూరు చోడుల కాలపు గుడి, దాదాపు వెయ్యేళ్ల నాటిది. గర్భగుడిలో స్తంభం నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. సూర్యుడు ఎటు తిరిగినా నీడ అక్కడే ఉండేటట్టు స్తంభాలు ఎక్కడ నిలపాలో, వెలుతురు ఎటు నుంచి రావాలో లెక్కలు కట్టారు. చిన్నప్పుడు మా నాయన తీసుకుపోయి చూపించాడు, నేను మా పిల్లలకు చూపించాను. రాయితో నీడను కట్టిన మనుషులు ఈ నేల మీదే బతికారు. మనకు ఇప్పుడు కంప్యూటర్లున్నాయి, పొద్దున పది గంటలకు ఏ షాపు ముందు ఎండ ఉంటుందో, సాయంత్రం నాలుగింటికి ఎటు నీడ ఉంటుందో గీసి చూపించవచ్చు. రోడ్డు ప్లాను గీసేటప్పుడు వాహనాలు ఎన్ని పోతాయో లెక్కపెడతారు. నీడ ఎన్ని గంటలుంటుందో ఎవరైనా లెక్కపెట్టారా?

తోపుడు బండ్ల మీద మన వ్యాపారుల్లోనే చాలామందికి కోపం. నాతోనే ఒకాయన అన్నాడు, "మేం కిరాయి కట్టి, టాక్సు కట్టి కూర్చుంటే వాళ్లు ఊరికే నిలబడి అమ్ముకుంటారు, పోతే పోనీ అక్కా" అని. ఆయన బాధ నాకు తెలుసు, నేనూ కిరాయి కడుతున్నా. కానీ బండి పోయాక ఆయన షాపుకూ గిరాకీ తగ్గింది, అది ఆయనే ఒప్పుకున్నాడు. బజ్జీల కోసం వచ్చిన కాలే షాపు మెట్టు ఎక్కుతుంది. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే చేసి, అమ్ముకునే సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్లను తీసేయకూడదని అందులో ఉంది. ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి, దాంట్లో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులుండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. కరోనా కాలంలో, 2020లో, తోపుడు బండ్లవాళ్లకు పదివేల రూపాయల లోన్లు మొదలుపెట్టింది కూడా ప్రభుత్వమే. లోను ఇచ్చి, నిలబడే చోటు ఇవ్వకపోతే వాళ్లు ఎక్కడ అమ్మి కిస్తీ కట్టాలి? రోడ్డు ప్లానులో బస్సులు ఆగే చోటు గీసినట్టు బండ్లకు కూడా తెల్లగీత గీసి, నంబరు వేసి, చెత్తడబ్బా పెట్టి చోటు ఇవ్వవచ్చు. నడిచే దారికి అడ్డం రాకుండా, చెట్ల పట్టీలోనే.

పొద్దున్నే చౌరస్తాలో నిలబడే అడ్డా కూలీలను కూడా ఇక్కడే తలుచుకోవాలి. తాపీలు, పారలు, బొచ్చెలు పట్టుకుని ఆరింటి నుంచి నిలబడతారు. పని దొరికినవాళ్లు పోతారు, దొరకనివాళ్లు పది దాకా అదే ఎండలో. వాళ్లు ఈ ఊరి ఇళ్లన్నీ కట్టినవాళ్లు. వాళ్లు కూర్చోవడానికి ఒక అరుగు, తాగడానికి ఒక నల్లా, ఆడవాళ్లకు ఒక బాత్రూం కట్టించలేమా?

ఇంత పట్టుబట్టి ఎందుకు రాస్తున్నానంటే, ఊరికి జనం రావడం ఇప్పుడు ముందులా ఖాయం కాదు. 2016లో జిల్లాలు విడిపోక ముందు సూర్యాపేట, భువనగిరి, కోదాడ వైపు వాళ్లు కూడా కలెక్టరేట్ పనికో, కోర్టు పనికో ఇక్కడికి వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు పని అయ్యాక క్లాక్ టవర్ చుట్టూ ఒక రౌండు తిరిగి పిల్లలకు బట్టలో, ఇంట్లోకి సామానో కొనుక్కుని పోయేవాళ్లు. ఇప్పుడు వాళ్ల జిల్లాలు వాళ్లకున్నాయి. మంచిదే, వాళ్లకు దూరం తగ్గింది. ఇటు పెళ్లి బట్టలంటే అందరూ హైదరాబాద్ పోతున్నారు, వంద కిలోమీటర్లు, రెండు గంటల ప్రయాణం. మిగతావి ఫోన్లో ఆర్డరు పెడుతున్నారు, చివరికి జాకెట్ ముక్కలు కూడా. ధరలో వాళ్లతో మేం పోటీ పడలేం. మా దగ్గర ఉన్నది ఒకటే, బయట వెలుతుర్లో రంగు చూసుకోవడం, పక్కామెను అడగడం, దారిలో బజ్జీలు తినడం, తెలిసినవాళ్లు కనపడితే అరగంట ముచ్చట పెట్టడం. బజారు అంటే అదే కదా. అదే లేకుండా చేసుకుంటే ఇంట్లోంచి ఎవరు బయటకు వస్తారు, ఎందుకు వస్తారు?

బయట ఊర్లలో ఇది చేసి చూశారు. చెన్నైలో టీనగర్ పాండీ బజార్‌లో 2019లో ఫుట్‌పాత్‌లను బాగా వెడల్పు చేసి, బండ్లకు రోడ్డు తగ్గించి, కూర్చోవడానికి బెంచీలు వేశారు. మా చెల్లెలు వాళ్లు చెన్నైలో ఉంటారు, పోయినప్పుడు చూశాను, రాత్రి పూట ముసలివాళ్లు, చంటిపిల్లలు కూడా తీరుబడిగా తిరుగుతున్నారు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో 2021 నుంచి పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది వరకు మోటారు బండ్లు రావద్దన్నారు. అక్కడ కాపలా సడలినప్పుడల్లా బండ్లు మళ్లీ దూరుతున్నాయని వార్తల్లో చూస్తుంటాం, కాబట్టి కట్టి వదిలేస్తే చాలదు, రోజూ చూసుకునేవాళ్లుండాలి. డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్‌లో 1962లోనే పెద్ద బజారు వీధిని నడిచేవాళ్లకు వదిలారు. మా వ్యాపారం దెబ్బతింటుందని షాపులవాళ్లు గొడవ చేశారట, మనలాగే. ముందు ట్రయల్ అన్నారు, 1964లో శాశ్వతం చేశారు, ఇప్పటికీ అది జనంతో నిండే ఉంటుంది. అంత దూరం ఎందుకు, హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద 2021లో ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపి జనాన్ని వదిలితే కుటుంబాలు కుటుంబాలే వచ్చాయి. ఆ రోడ్డును రోజూ చూసేవాళ్లే, కానీ దాని మీద కూర్చోవచ్చని అప్పుడే తెలిసింది.

మన నల్లగొండ చెన్నై కాదు, తెలుసు. 2011 జనాభా లెక్కల నాటికి లక్షన్నర మంది ఉన్న ఊరు. మనకు అంత ఖర్చు అక్కర్లేదు కూడా. నేను అడిగేది ఒక్క రోడ్డు, అది కూడా ఒక కిలోమీటరు. డివైడర్ కంచెను ప్రతి వంద మీటర్లకు ఒకచోట తెరిచి, అక్కడ రోడ్డును ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి దాటే దారి చేయండి, బండి దానంతటదే నెమ్మదిస్తుంది. ఫుట్‌పాత్ ఎత్తు తగ్గించి ఒకే మట్టానికి తేండి, షట్టర్ ర్యాంపుల దగ్గర ఎక్కడం దిగడం లేకుండా. రోడ్డు అంచున వేప, కానుగ. చెట్టు మొదలు చుట్టూ కూర్చునే ఎత్తులో ఒక గట్టు, బెంచీలకు వేరే టెండర్లు అక్కర్లేదు. తోపుడు బండ్లకు గీతలు. ఆడవాళ్లకు బాత్రూం, తాళం వేయకుండా.

పార్కింగ్ పోతుందని తోటి వ్యాపారులు అంటారు. అన్నలూ, తమ్ముళ్లూ, ఒకసారి మీ షాపు ముందు నిలిచే కారు ఎవరిదో చూడండి. నేను చూశాను. చాలాసార్లు అది మనదే, లేదంటే పక్క షాపు ఓనరుది, పొద్దున పెట్టి రాత్రి తీస్తాం. ఆ ఒక్క కారు చోటులో ఐదారు బైకులు నిలుస్తాయి, గంటకోసారి మారే గిరాకీవి. మన కార్లు మనం వెనక సందులో పెట్టుకుని నడిచి వద్దాం. మా ఆయన ఈ మధ్య అట్లాగే పెడుతున్నాడు. మొదట నాతో గొడవ పడ్డాడు, ఇప్పుడు అలవాటైంది.

మున్సిపల్ అధికారులకు, ప్రజాప్రతినిధులకు మీ పేపర్ ద్వారా ఒక విన్నపం. డబ్బులు పెట్టే ముందు ట్రయల్ చేయండి. బతుకమ్మ తొమ్మిది రోజులు సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది వరకు ఒక్క రోడ్డును బండ్లకు మూసేయండి. మా చిన్నప్పుడు సద్దుల బతుకమ్మ ఇంటి ముందు చౌరస్తాలోనే ఆడేవాళ్లం. గల్లీలో మగవాళ్లు నీళ్లు చల్లి ఊడ్చేవాళ్లు, ఎవరి అరుగు మీద వాళ్లు కూర్చుని చూసేవాళ్లు. ఇప్పుడు గ్రౌండుకు పోవాలి, మైకులు, స్టేజీ, పార్కింగ్ టోకెన్. పోయినేడు మా గల్లీ ఆడవాళ్లం చౌరస్తాలో పెట్టుకుంటే పాట మధ్యలో నాలుగుసార్లు కార్లకు జరిగి దారి ఇచ్చాం. ఒకసారి గౌరమ్మ పళ్లెం మీదికి టైరు వచ్చేదే. ఆ తొమ్మిది రోజులు రోడ్డు మాకివ్వండి. అప్పుడు షాపుల గిరాకీ ఎంతో, ట్రాఫిక్ కష్టం ఎంతో రెండూ రాసి పెట్టుకుని, తర్వాత మీరే నిర్ణయించండి. నష్టం అనిపిస్తే నేను మళ్లీ ఈ మాట ఎత్తను.

అది జరిగేలోపు ఇంకొక చిన్న పని ఉంది. మా షాపు పక్కన వేపచెట్టు ఉన్న చోట ఇప్పుడు టైల్స్ ఉన్నాయి. నాలుగు టైల్స్ తీసి, మూడడుగుల లోతు గుంత తవ్వుకోవడానికి అనుమతి ఇస్తే చాలు. కూలీ నేనే ఇస్తాను. మొక్క మా పుట్టింటి నుంచి తెచ్చి డబ్బాలో పెంచుతున్నాను, నా భుజందాకా వచ్చింది. చుట్టూ ఇనుప జాలీకి ఎదురు టైలర్ వదిన సగం పెట్టుకుంటానంది. నీళ్లు మా షాపు నుంచే పోస్తాను.

ఇట్లు,
మ్యాచింగ్ సెంటర్ నడుపుకునే ఒక పాఠకురాలు,
నల్లగొండ